‘అందరికి ఆరోగ్యము’ – ప్రపంచపు గడువులు, మన సంఘముల పని

(శతవార్షికోత్సవ సభలలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ మూడు దినముల నుండి మన పెద్దలు కట్టిన గుడులను గూర్చియు, బడులను గూర్చియు అనేకులు చక్కగా ముచ్చటించారు. మాకు ఇచ్చిన అంశము “ప్రపంచ ఆరోగ్య సమస్యలు, అభివృద్ధి లక్ష్యములు.” కార్యక్రమ పత్రికలో ఆ పేరు చూచి మేము కొంత జంకాము. మేము వైద్యులము కాము. వేదాంత కళాశాలలో మాకు నేర్పినది గ్రీకు, హెబ్రీ, సంఘ చరిత్ర, ప్రసంగ శాస్త్రము. అయితే ఇరువది ఏండ్లుగా పాస్టరేట్లలో తిరుగుచున్న వారికి వైద్యులకు లేని ఒక పుస్తకము ఉన్నది. అది భూస్థాపన రిజిస్టరు.

ఈ ప్రసంగమునకు సిద్ధపడుటకు మేము బీరువాలోని పాత రిజిస్టర్లు దించి, దుమ్ము దులిపి, రెండు రాత్రులు చదివాము. “మరణ కారణము” అను గడిలో ఆనాటి గురువులు క్లుప్తముగా వ్రాసిన మాటలు ఇవి: వాంతులు, విరోచనములు. అమ్మవారు. పురుడు. చలిజ్వరము. దగ్గు. ఒక పేజీలో ఒకే ఇంటిపేరు మూడు వరుసలలో ఉన్నది, పది దినముల లోపల. వయస్సు గడిలో ఏండ్లకు బదులు నెలలు, దినములు వ్రాయవలసి వచ్చిన వారు ఎందరో. పుస్తకములు మారిన కొలది ఈ మాటలు ఒక్కొక్కటే పలుచబడుట చూచాము. అమ్మవారు అను మాట పూర్తిగా పోయినది. దగ్గు పోలేదు. ఇప్పటి రిజిస్టరులో, మా చేతివ్రాతలోనే, అది ఉన్నది. ఆ సంగతి తరువాత చెప్పెదము.

అమ్మవారు ఎట్లు పోయినది? దానంతట అది పోలేదు. 1967 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి నిర్మూలనమును ముమ్మరము చేసినది. మన దేశములో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికి తిరిగి, మశూచి సోకిన బిడ్డ బొమ్మ ఉన్న అట్ట చూపి, “ఇట్లాంటి బిడ్డ మీ వాడలో ఉన్నదా?” అని అడిగారు. 1975లో మన దేశములో చివరి కేసు. 1977 అక్టోబరులో సోమాలియా దేశములో ఒక ఆసుపత్రి వంటవానికి సోకినది, సహజముగా సోకిన కేసులలో ప్రపంచమంతటికి అదే చివరిది; అతడు బ్రదికాడు. 1980లో మశూచి లేదని ప్రకటించారు. వేల సంవత్సరములు మనుష్యులను మ్రింగిన రోగము, సూదిమందు పట్టుకొని నడచిన వారి కాళ్ల వలన పోయినది. ఆ నడచిన వారి పేర్లు ఏ శిలాఫలకము మీదను లేవు.

ఈ విజయపు వేడిలోనే, 1978 సెప్టెంబరులో, అప్పటి సోవియట్ దేశములోని అల్మా అటా పట్టణములో 134 దేశముల ప్రతినిధులు కూడారు. 2000 సంవత్సరమునకు అందరికి ఆరోగ్యము అని గడువు పెట్టుకున్నారు. అప్పటికి మేము పుట్టలేదు. మా బాల్యములో ప్రాథమిక ఆరోగ్య కేంద్రము గోడ మీద ఆ మాట పెద్ద అక్షరములతో వ్రాసి ఉండుట మాత్రము బాగుగా జ్ఞాపకమున్నది. గోడకు సున్నము వేసినప్పుడు అది కనుమరుగైనది.

ఆ సభకు ప్రాణము పోసిన వారు అప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి, డెన్మార్కు దేశస్థులు డాక్టరు హాఫ్డన్ మాలర్ గారు. ఆయన ఒక బాప్టిస్టు బోధకుని కుమారులు. 1950ల దశకములో మన దేశములో క్షయ నివారణ పనిలో ఎన్నో ఏండ్లు గడిపిన వారు. డెన్మార్కు వారికి, క్షయకు, మన తెలుగు నేలకు ఇంకొక పాత సంబంధము కూడ ఉన్నది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరము ఉన్నది గదా! 1915లో మొదలైన ఆ క్షయ ఆరోగ్యశాలకు తొలి అధిపతి డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ అను డెన్మార్కు వైద్యులే. పలు మిషనులు, తమలో తమకు సిద్ధాంత భేదములు ఎన్ని ఉన్నను, ఈ ఒక్క పనికి కలిసి డబ్బు వేసుకున్నవి. ఆ దినములలో క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే మందులు. అందుకే కొండగాలి ఉన్న చోటు వెదకి కట్టారు. 1948లో మన దేశములో బి.సి.జి. టీకా పని మొదలైనది కూడ మదనపల్లెలోనే.

తరువాత మందులు వచ్చినవి. స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్ వచ్చిన పిమ్మట 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలుపెట్టారు. సగము మంది రోగులను ఆరోగ్యశాలలో మంచముల మీద ఉంచారు. మిగిలిన సగము మందిని వారి ఇరుకైన ఇండ్లలోనే, అరకొర తిండితోనే ఉంచి, మందులు మాత్రము క్రమముగా ఇచ్చారు. 1959లో ఫలితము వెలువడినది. ఇంట ఉన్నవారు కూడ దాదాపు అంతే బాగుగా స్వస్థత పొందారు. వారి ఇంటివారికి అంటు ఎక్కువ కాలేదు. ఇది చిన్న సంగతి కాదు. మంచము ఖాళీ లేదని తలుపు వద్ద నుండి వెనుకకు పంపబడిన లక్షల మందికి ఇది సువార్త వంటిది. మాత్ర క్రమముగా మింగితే చాలు. అయితే ఆ “క్రమముగా” అను మాటలోనే మన మనుష్యుల కష్టమంతయు ఉన్నది.

అల్మా అటాకు ముందే సంఘములు కూడ ఈ దారి పట్టాయని మనలో చాలమందికి తెలియదు. 1968లో ప్రపంచ సంఘముల సమితి జెనీవాలో క్రైస్తవ వైద్య కమిషనును స్థాపించినది. మన మిషను ఆసుపత్రులను పరిశీలించి వారు అడిగిన ప్రశ్న మన పెద్దలకు రుచించలేదు: సంఘముల వైద్య ధనములో అత్యధిక భాగము ఆసుపత్రి గోడల లోపలనే ఖర్చగుచున్నది, గోడ బయట ఉన్న గ్రామము సంగతి ఏమిటి? వేలూరులో చదివిన రజనీకాంత్ ఆరోళే, మేబెల్ ఆరోళే దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్ అను కరవు ప్రాంతమునకు వెళ్లి, చదువు రాని గ్రామ స్త్రీలకు ఆరోగ్య పని నేర్పారు. బిడ్డను తూచుట, పురుడు పోయుట, నీరు శుభ్రము చేయుట. బోరు బావులు దళితవాడలలో వేయించారు. అన్ని కులముల వారు నీటి కొరకు అక్కడికే రావలసి వచ్చినది. ఈ పని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1975లో వేసిన పుస్తకములోనికి ఎక్కినది. ఈనాటి మన ఆశా కార్యకర్తల వెనుక ఇట్టి వారి అనుభవము ఉన్నది.

2000 వచ్చినది. అందరికి ఆరోగ్యము రాలేదు. ఆ సంవత్సరము సెప్టెంబరులో 189 దేశములు మరల కూడి, 2015 గడువుగా ఎనిమిది సహస్రాబ్ది లక్ష్యములు పెట్టుకున్నవి. అవియు పూర్తిగా నెరవేరలేదు. 2015లో మూడవసారి కూడి, ఈసారి 2030 గడువుగా పదిహేడు లక్ష్యములు, వాటి క్రింద 169 ఉపలక్ష్యములు వ్రాసుకున్నవి. (మన పాస్టరేటు కమిటీ అజెండా కూడ ఇంత పొడవు ఉండదు.) అందులో మూడవది ఆరోగ్యము.

గడువు తప్పిన ప్రతిసారి నవ్వుకొనుట తేలిక. మేమును నవ్వుకున్న వారమే. కాని రిజిస్టరులో ‘నెలలు’, ‘దినములు’ అను మాటలు ఎందుకు పలుచబడినవో చూచిన తరువాత నవ్వు రాలేదు. 1990లో ప్రపంచములో అయిదేండ్లు నిండక ముందే పోయిన బిడ్డలు సుమారు ఒక కోటి 27 లక్షలు. 2015లో సుమారు 60 లక్షలు. 2022లో 49 లక్షలు. పెట్టుకున్న లక్ష్యము మూడింట రెండు వంతులు తగ్గించుట. అది తప్పినది, సగమునకు పైగా మాత్రము తగ్గినది. టీకాలు, దోమతెరలు, ఉప్పు పంచదార కలిపిన నీళ్లు ఇవే ముఖ్య కారణములు. ఆ నీళ్ల మహిమ 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములో డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు చూపించారు. సెలైను సీసాలు అయిపోయినప్పుడు ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీరు డ్రమ్ములలో ఉంచి, బంధువుల చేతనే రోగులకు త్రాగించారు. నూటికి ముప్పది మంది చచ్చే చోట నలుగురికి తగ్గినది. మా రిజిస్టరులో “వాంతులు, విరోచనములు” ఎందుకు తగ్గినదో ఇప్పుడు మీకు తెలిసినది.

పురుడు సంగతి కూడ చెప్పవలెను, ఏలయనగా ఇది మన రాష్ట్రముల మంచి వార్త. 2004-06 లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష జీవ జననములకు 154 మంది తల్లులు చనిపోవుచుండిరి. 2018-20 లెక్కలలో ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ప్రపంచము 2030కి పెట్టుకున్న లక్ష్యము 70 కంటె తక్కువ. మనము ముందే దాటాము. 2005లో వచ్చిన 108 బండ్లు, ఆసుపత్రి పురుళ్లు, ఇంటి ముందుకు వచ్చి పేరు వ్రాసుకొను ఆశా అమ్మలు దీనికి కారణములు. ప్రభుత్వములను విమర్శించుటలో మనము వెనుకాడము గనుక ఈ ఒక్క చోట కృతజ్ఞత చెప్పుట న్యాయము.

ఇక దగ్గు సంగతి.

2023లో ప్రపంచమందు ఒక కోటి ఎనిమిది లక్షల మందికి క్రొత్తగా క్షయ సోకినది, పన్నెండున్నర లక్షల మంది చనిపోయారు. వారిలో నాలుగవ వంతుకు పైగా మన దేశమువారే. 2030కి ఈ మహమ్మారిని ముగించవలెనని లక్ష్యములలో వ్రాసి ఉన్నది. మన ప్రభుత్వము ఇంకను ధైర్యము చేసి 2025 అని గడువు పెట్టుకున్నది. అదియు దాటిపోయినది. మన దేశములో లక్షమందికి 2015లో 237 క్రొత్త కేసులు ఉండగా 2023లో 195కు దిగినవి. తగ్గినది నిజమే. కాని ఈ నడకతో గమ్యము చేరము. మందు ఉన్నది, పరీక్ష ఉన్నది, రెండును ఉచితమే. మరి ఎక్కడ తప్పుచున్నది? దీనికి జవాబు మేము పుస్తకములలో చదువలేదు. మా గుమ్మము దగ్గర చూచాము.

2013 నవంబరు. అప్పటి మా పాస్టరేటులో ఒక సహోదరి, పేరు చెప్పము. కూలి పని. ఇద్దరు చిన్న మగబిడ్డలు. మూడు వారములు దగ్గు తగ్గక, చిక్కిపోయి, ఆరోగ్య కేంద్రములో కఫము పరీక్ష చేయించుకుంటే క్షయ అని తేలినది. ఆ దినములలో మందుల డబ్బా రోగి పేరున వచ్చేది. వారమునకు మూడు దినములు ఒకరి కంటి ఎదుట మాత్రలు మింగవలెను. టీ.బీ. సూపర్‌వైజరు మా ఇంటికి వచ్చి, “అయ్యగారూ, ఆమె ఇంటికి మీ ఇల్లు దగ్గర. డబ్బా మీ వద్ద ఉంచుతాను. ఆమె వచ్చి మీ ఎదుట మాత్రలు వేసుకుంటుంది. మీరు కార్డులో గుర్తు పెడితే చాలు” అని అడిగాడు.

మేము “కమిటీలో అడిగి చెప్పెదము” అన్నాము.

కమిటీలో ఒక పెద్ద, “అయ్యగారూ, మీ ఇంట్లో పసిపిల్లలున్నారు గదా, ఎందుకండీ మీకు?” అన్నారు. మాపై ప్రేమతోనే అన్నారు. ఇంకొకరు, “ఆమె ప్రభురాత్రి భోజనపు పాత్రలో త్రాగితే మాకు అంటదా?” అని అడిగారు. దానికి మా వద్ద జవాబు లేదు. తెలిసికొనుటకు ప్రయత్నము చేయలేదు. వచ్చే మీటింగులో చూతము అని ముగించాము. వచ్చే మీటింగులో పండుగ లెక్కలు ఉండెను.

ఆమెకు ఎవరు చెప్పారో, లేక ఎవరును చెప్పకయే గ్రహించినదో. సంస్కారపు ఆదివారమున ఆమె వెనుక గోడ దగ్గర కూర్చుండి, రొట్టె ఎత్తక ముందే లేచి వెళ్లిపోయేది. వెళ్లమని ఎవరును అనలేదు. ఉండుమనియు ఎవరును అనలేదు. బలిపీఠము దగ్గర నుండి మేము చూచుచునే ఉన్నాము.

రెండు నెలలు మాత్రలు వేసుకున్నది, మరి ఎక్కడికి నడిచి వెళ్లి వేసుకున్నదో. దగ్గు తగ్గినది. జనవరి దాటగానే వాడలోని వారితో కలిసి గుంటూరు వైపు మిరపకాయ కోతకు వెళ్లిపోయారు. అక్కడ డబ్బా లేదు, సూపర్‌వైజరు లేడు. దగ్గు లేనప్పుడు మందు ఎందుకని అందరికి తోచునదే ఆమెకును తోచినది. ఆరు నెలలు మింగవలసిన మందు మధ్యలో ఆపితే చావక మిగిలిన క్రిములు మరల పుంజుకొనును, కొన్ని ఆ మందులకే లొంగని మొండివి అగును. వానలలో తిరిగి వచ్చినప్పుడు ఆమె మెట్లు ఎక్కలేకుండెను. మరల వైద్యము మొదలుపెట్టారు. 2015లో పోయినది. ముప్పది ఒకటవ ఏట.

రిజిస్టరులో మరణ కారణము గడి వద్ద మా కలము ఆగినది. “అయ్యగారూ, ఆ మాట వ్రాయకండి, రేపు మా వాళ్లకు సంబంధాలు రావు” అని ఆమె అత్తగారు అన్నారు. మేము “దగ్గు” అని వ్రాశాము. నూరేండ్ల క్రిందటి గురువుకు వేరే పేరు తెలియక అట్లు వ్రాసి ఉండవచ్చును. మాకు తెలిసియు వ్రాశాము.

ఆమెను పాతిపెట్టిన తరువాత, ముందు అడుగవలసిన ప్రశ్నను మేము ఒక వైద్యుని అడిగాము. క్షయ గాలి ద్వారా వచ్చును. రోగి దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు గాలిలోనికి వచ్చు క్రిములను పీల్చుట వలన వచ్చును. పాత్ర వలన, కంచము వలన, బట్ట వలన, చేయి కలుపుట వలన రాదు. సరియైన మందు మొదలుపెట్టిన కొద్ది వారములకే అంటు చాలమట్టుకు తగ్గిపోవును. గాలి వెలుతురు ఉన్న ఇల్లు దానికి శత్రువు. ఈ సంగతి చెప్పుటకు ఆయనకు అయిదు నిమిషములు పట్టినది. ఆ అయిదు నిమిషములు 2013లో మాకు దొరకలేదు.

2023లో వెలువడిన ఒక పరిశోధనను గూర్చి చెప్పి ముగించెదము. జార్ఖండ్ రాష్ట్రములో డాక్టరు అనురాగ్ భార్గవ, డాక్టరు మాధవి భార్గవ గార్లు, వారి తోటివారు చేసినది. క్షయ రోగుల ఇంటివారు పదివేల మందికి పైగా ఇందులో ఉన్నారు. రోగులందరికి నెలనెల తిండి సరకులు ఇచ్చారు. ఇంటివారిలో సగము మందికి కూడ బియ్యము, పప్పు, విటమిను మాత్రలు ఇచ్చారు. అట్లు తిన్న ఇండ్లలో క్రొత్తగా క్షయ సోకుట నూటికి నలభై వంతున తగ్గినది. రోగులలో మొదటి రెండు నెలలలో బరువు పెరిగిన వారికి మరణ ప్రమాదము చాల తగ్గినది. ఆరోగ్యవరము కట్టిన వారు మందు లేని దినములలో నమ్ముకున్న మంచి తిండి, మందు ఉన్న దినములలోను పక్కకు పోలేదు. మాత్ర మింగిన తరువాత కడుపులో మంట లేచి, తినుటకు గంజి కూడ లేక మందు మానివేసిన వారిని మేము ఎరుగుదుము.

బియ్యము, పప్పు. ఇది విన్నప్పుడు మాకు మన స్త్రీల మైత్రి వారు గుర్తుకు వచ్చారు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడెల్ల ఒక గుప్పెడు బియ్యము తీసి పక్కన ఉంచుట మన అమ్మమ్మల నాటి నుండి ఉన్నదే. ఆ గుప్పెడు బియ్యముతో మన గుడులు కొన్ని లేచినవి, బైబిలు స్త్రీలకు జీతములు ఇచ్చారు. ఇప్పుడు అది గుడిలో వేలము వేసి లెక్కలో జమ కట్టుచున్నాము. నెలకు ఒక ఆదివారపు బియ్యము వేలము వేయక, క్షయ మందులు మింగుచున్న ఇండ్లకు పంపవలెనని మేము కోరుచున్నాము. ఏ కులము, ఏ మతము ఇల్లు అని అడుగవద్దు. ప్రభుత్వము 2018 నుండి రోగికి తిండి నిమిత్తము నెలకు అయిదు వందలు ఇచ్చుచు, 2024 నవంబరు నుండి దానిని వేయి చేసినది. బ్యాంకు ఖాతా లేక, ఆధారు కలియక అది అందని వారికి కాగితములు వ్రాసి పెట్టుట మన యౌవనస్థుల పని. 2022 నుండి ‘నిక్షయ మిత్ర’ అను పేరుతో ఎవరైనను, ఏ సంస్థయైనను రోగులను దత్తత తీసికొని తిండి సరకులు ఇచ్చుటకు వీలున్నది. సంఘము కూడ నమోదు చేసికొనవచ్చును.

బయటి దేశముల డబ్బు వచ్చునని మాత్రము కూర్చుండవద్దు. 2025లో అమెరికా తన విదేశ సహాయ సంస్థను మూసివేసినప్పుడు ఎన్నో బీద దేశములలో క్షయ పనులు కుంటుబడినవి. మన దేశము తన ఖర్చులో ఎక్కువ భాగము తానే భరించుచున్నది గనుక దెబ్బ అంత తగలలేదు.

ఇప్పటి మా పాస్టరేటులో ఈ పని మొదలుపెట్టి పదునాలుగు నెలలైనది. ఇప్పటికి ఆరు ఇండ్లు. అందులో నాలుగు మన సంఘమువి కావు. బియ్యము తగ్గి కానుక పెట్టె లెక్క తగ్గినదని కోశాధికారి గారు రెండుసార్లు మాతో వాదించారు. ఆయన మాట కొట్టివేయదగినది కాదు, గుడి పైకప్పు కారుచున్నది. మాత్రలు ఇప్పుడు దినమునకు ఒకసారి, ఇంటనే. గుర్తు చేయుటకు ఒక మనిషి కావలెను. మా ఇంటి అమ్మగారు ఇద్దరికి ఆ పని చేయుచున్నారు. ఒకరు వలస పోవుచున్నామని ముందు రోజు వచ్చి చెప్పారు. ఆ ఊరి ఆరోగ్య కేంద్రమునకు ఫోను చేసి మందు అక్కడ ఇప్పించాము. 2014లో కూడ ఇది ఒక్క ఫోనుతో అయ్యేది.

జిల్లా క్షయ నివారణ సిబ్బంది ఈ మధ్యాహ్నము భోజనముల తరువాత పాఠశాల వరండాలో కూర్చుందురు. రెండు వారములకు మించి దగ్గు, సాయంత్రపు జ్వరము, ఊరక చిక్కిపోవుట ఉన్న వారు అక్కడ కఫము ఇచ్చి వెళ్లవచ్చును. తలుపు దగ్గర బల్ల మీద పేర్లు వ్రాయు పుస్తకము ఉన్నది. ముందు ఎవరు వ్రాయవలెనని మీరు మొగమాటపడకుండ మొదటి పేజీలో గురువులమందరము మా పేర్లు వ్రాసి ఉన్నాము. రెండవ పేజీ నుండి ఖాళీ.